సోమవారం పరీక్ష... సోమవారమే క్వార్టర్ ఫైనల్!

సోమవారం పొద్దున ఇంజినీరింగ్ మూడో ఏడాది పరీక్ష. అదే సోమవారం సాయంత్రం, వేరే దేశంలో ప్రపంచ పోటీల క్వార్టర్ ఫైనల్. కుర్రాడు ఎక్కడుండాలి?

మన ఇళ్లలో దీనికి పెద్దగా ఆలోచించాల్సిన పనే లేదు. నాన్న పేపర్లోంచి తల కూడా ఎత్తకుండా తీర్పు చెప్పేస్తారు. అమ్మ ఇంకాస్త మెత్తగా, 'ఆటలేమన్నా అన్నం పెడతాయా నాన్నా' అంటుంది. అంతటితో కేసు కొట్టేసినట్టే. కానీ ఈ చిక్కుముడిని ఎదుర్కొని, ఆటా ఆడి, పరీక్షా రాసి బయటపడుతున్న పిల్లలు ప్రపంచంలో ఉన్నారు. వాళ్లాడే ఆట ఫుట్‌సాల్. రెండేళ్లకోసారి వాళ్లందరూ కలిసే చోటు ప్రపంచ విశ్వవిద్యాలయాల ఫుట్‌సాల్ చాంపియన్‌షిప్.

ఫుట్‌సాల్ అన్న మాట చూసి, ఫుట్‌బాల్‌కి అచ్చుతప్పేమో అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తప్పు కాదు, వేరే ఆటే. కాకపోతే తల్లి ఒకరే.

హాల్లో పుట్టిన ఆట

దక్షిణ అమెరికాలో ఉరుగ్వే అని ఓ చిన్న దేశం. 1924, 1928 ఒలింపిక్స్‌లో వరసగా రెండుసార్లు ఫుట్‌బాల్ స్వర్ణం ఎగరేసుకుపోయింది. 1930లో మొట్టమొదటి ప్రపంచకప్‌ను తన గడ్డమీదే జరిపి, ఆ కప్పూ తనే ఉంచుకుంది. ఇక ఆ దేశపు పిల్లల సంగతి చెప్పాలా? రాజధాని మాంటెవిడియోలో ఎక్కడ చూసినా బంతే. 1983లో కపిల్ సేన కప్పు తెచ్చాక మన వీధుల్లో వచ్చిన పూనకం లాంటిదన్నమాట.

చిక్కేమిటంటే, అంతమంది పిల్లలకు సరిపడా మైదానాలు లేవు. అక్కడి వైఎంసీఏలో వ్యాయామం నేర్పే హువాన్ కార్లోస్ సెరియాని అనే మాస్టారు చూస్తే, పిల్లలు బాస్కెట్‌బాల్ కోర్టులోనే ఫుట్‌బాల్ ఆడేస్తున్నారు. వద్దని తరిమెయ్యడం తేలిక. సగటు డ్రిల్లు మాస్టారు చేసే పని అదే. సెరియాని మాత్రం కూర్చుని వాళ్ల కోసం రూల్సు రాశారు. జట్టుకు అయిదుగురు చాలన్న లెక్కను బాస్కెట్‌బాల్ నుంచి తెచ్చారు. గోల్‌పోస్టు కొలతను హ్యాండ్‌బాల్ నుంచి, గోల్‌కీపర్ నిబంధనలను వాటర్‌పోలో నుంచి అరువు తెచ్చుకున్నారు. బంతిని కాలితో తన్నడం ఫుట్‌బాల్‌దే. మన గల్లీ క్రికెట్‌లో 'గోడ దాటితే ఔట్, ఒంటి చేత్తో ఒక పిచ్ క్యాచ్ పడితే ఔట్' అని జాగాను బట్టి చట్టం చేసుకుంటాం కదా, అలాంటిదే. తేడా ఒక్కటే. మన చట్టాలు మన సందు దాటలేదు, సెరియాని చట్టాలు వైఎంసీఏల గుండా బ్రెజిల్‌కీ, అక్కడినుంచి ప్రపంచానికీ పాకాయి. హాల్లో ఆడే ఫుట్‌బాల్ అన్న అర్థంలో పోర్చుగీసు, స్పానిష్ భాషల్లో ఉన్న పెద్ద పేరే అరిగి అరిగి ఫుట్‌సాల్ అయింది.

ఎగరని బంతి

ఈ ఆటలో అసలు మహత్యం బంతిది. మామూలు ఫుట్‌బాల్ కంటే కాస్త చిన్నది. రెండు మీటర్ల ఎత్తు నుంచి వదిలితే మొదటిసారి 65 సెంటీమీటర్లకు మించి లేవకూడదు, 50కి తగ్గకూడదు. అంటే మోకాలు దాటితే గొప్ప. నేలనే అంటిపెట్టుకుని తిరుగుతుంది. గాల్లోకి లేపి దూరంగా తన్నేసి 'హమ్మయ్య' అనుకునే వీల్లేదు. బంతిని అరికాలి కింద నొక్కిపట్టి, లాగి, తిప్పి, పక్కవాడికి అందించాలి. పిండి రుబ్బేటప్పుడు పొత్రం మీద చెయ్యి ఎలా ఆడుతుందో, బంతి మీద పాదం అలా ఆడాలి. ఒళ్లు పెద్దదైతే లాభమేం లేదు, పాదానికి తెలివుండాలి.

కోర్టు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. గోల్‌పోస్టు మూడు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు. గోల్‌కీపర్‌తో కలిపి అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. సగానికి ఇరవై నిమిషాల చొప్పున రెండు సగాలు. నలభై నిమిషాలేనా అని చప్పరించెయ్యకండి. బంతి ఆగినప్పుడల్లా గడియారమూ ఆగుతుంది. కాబట్టి కిందపడి దొర్లుతూ కాలం గడిపే నాటకాలు ఇక్కడ చెల్లవు. ఆటగాళ్లను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, అదీ ఆట ఆగకుండానే. సైడ్‌లైన్ నుంచి బంతి లోపలికి పంపడానికి, కార్నర్ తన్నడానికి నాలుగే సెకన్లు. రిఫరీ చెయ్యి పైకెత్తి వేళ్లతో లెక్కపెడుతూ ఉంటాడు. నాలుగు దాటిందా, బంతి అవతలి జట్టుకు.

ఇంకో రూలుంది. మన క్లాసు టీచర్లు ఎవరైనా రాశారేమో అనిపిస్తుంది. ఫ్రీ కిక్ ఇవ్వాల్సినంత తప్పు జట్టు ఒక సగంలో అయిదుసార్లు దాకా చేయొచ్చు, ఆ అయిదూ బోర్డు మీద కనబడుతూ ఉంటాయి. ఆరోది చేశారో, అవతలివాళ్లకు పది మీటర్ల దూరం నుంచి గోల్ మీదకి నేరుగా తన్నే అవకాశం. మధ్యలో గోడకట్టి నిలబడటానికి వీల్లేదు. గోల్‌కీపరూ తన్నేవాడూ, అంతే. ఆ తర్వాత ఏడోదైనా, ఎనిమిదోదైనా అదే శిక్ష. ఎవడి తప్పు వాడి ఖాతాలో కాదు, అందరి తప్పులూ జట్టు ఖాతాలో. అందుకే నాలుగో అయిదో అయ్యాక ఒక్కొక్కరూ కొత్త అల్లుడు భోజనానికి కూర్చున్నంత మర్యాదగా ఆడతారు! ఇక ఓడిపోతున్న జట్టు చివరి నిమిషాల్లో గోల్‌కీపర్ చొక్కాను మామూలు ఆటగాడికి తొడిగి, తన గోల్‌పోస్టును ఖాళీగా వదిలేసి అయిదుగురితోనూ దాడికి దిగుతుంది. అప్పుడు గోల్ కొడితే కొట్టినట్టు, బంతి చేజారితే అటు ఖాళీ గూట్లోకి దొర్లిపోయినట్టు. చూసేవాళ్ల గుండెలు మాత్రం గట్టిగా ఉండాలి.

పెద్దన్న కంటే ముందే

ఇప్పుడు అసలు విషయం. ఫుట్‌బాల్ ప్రపంచాన్ని ఏలే ఫిఫా, ఫుట్‌సాల్‌కు మొదటి ప్రపంచ పోటీలు పెట్టింది 1989లో, నెదర్లాండ్స్‌లో. అప్పటికి కుర్రాళ్లు ఆ పని చేసి అయిదేళ్లయింది. 1949లో ఏర్పడిన అంతర్జాతీయ విశ్వవిద్యాలయ క్రీడల సమాఖ్య, పొట్టి పేరు ఫిసు, 1984లోనే బ్రెజిల్‌లోని సావో పాలోలో విద్యార్థుల ప్రపంచ ఫుట్‌సాల్ పోటీలు జరిపింది. ఫుట్‌సాల్ ఆడించే సొంత సమాఖ్య ఒకటి అంతకుముందు 1982లో అదే ఊళ్లో ప్రపంచకప్ పెట్టిన మాట నిజమే. అయినా ఫిఫా లాంటి పెద్దన్న కళ్లు తెరిచేసరికి కాలేజీ పిల్లలు దేశాల జెండాలు పట్టుకుని ఆడేస్తున్నారన్నది చిన్న విషయం కాదు.

విద్యార్థుల్లో ఈ ఆట అంతగా అల్లుకోవడానికి కారణం వెతకనక్కర్లేదు. పదకొండుమంది అక్కర్లేదు. ఎకరాల కొద్దీ పచ్చిక అక్కర్లేదు. హాస్టల్లో రెండు గదుల పిల్లలు కలిస్తే జట్టు తయారు. ఏ క్యాంపస్‌లోనైనా ఓ ఇండోర్ హాలు ఉంటుంది. వానపడ్డా, మంచు కురిసినా, చీకటిపడ్డా ఆట ఆగదు. సాయంత్రం ల్యాబ్ అయ్యాక గంట ఆడి మెస్సు వేళకు చేతులు కడుక్కోవచ్చు.

ఆ తర్వాత ఈ పోటీలు ఊళ్లు తిరిగాయి. స్పెయిన్‌లో మలగా, పాల్మా. పోలండ్‌లో పోజ్నాన్. సెర్బియాలో నోవిసాద్. 2016లో బ్రెజిల్‌లోని గోయానియా, 2018లో కజకిస్థాన్‌లోని అల్మాటీ. 2020లో మళ్లీ పోజ్నాన్ అనుకుంటే కరోనా అడ్డుపడి రద్దయింది. 2022లో పోర్చుగల్‌లోని బ్రాగా, 2024లో చైనాలోని షాంఘై.

అమ్మాయిల విషయంలోనైతే ఫిఫా మరీ ఆలస్యం. మహిళలకు ఫుట్‌సాల్ ప్రపంచకప్ మొదటిసారిగా 2025 చివర్లో ఫిలిప్పీన్స్‌లో జరిగింది. బ్రెజిల్ అమ్మాయిలు గెలిచారు. విశ్వవిద్యాలయాల పోటీల్లో ఆడపిల్లల జట్లు దానికి చాలా ఏళ్ల ముందు నుంచే ఆడుతున్నాయి. ఈ మధ్యకాలంలో ఎందరు అమ్మాయిలు చదువయిపోయి, ఆడటానికి ఫిఫా ప్రపంచకప్ లేక, బూట్లు అటకమీద పెట్టేసి ఉంటారో!

బ్రాగా కథ

ఊళ్ల జాబితాలో బ్రాగా పేరు ఒకసారే కనిపించింది కానీ, నిజానికి ఆ ఊరు 1998లో, 2012లో, 2022లో మొత్తం మూడుసార్లు ఈ పోటీలకు ఆతిథ్యమిచ్చింది. పోర్చుగల్ ఉత్తరాన, దాదాపు రెండు లక్షల జనాభా ఉన్న పాత చర్చిల ఊరు. మన లెక్కలో ఓ మోస్తరు జిల్లా కేంద్రం. అక్కడే 1973లో స్థాపించిన మిన్యో విశ్వవిద్యాలయం ఉంది. ఆ విశ్వవిద్యాలయపు విద్యార్థి సంఘం ఆటల జట్లు నడుపుతుంది. యూరప్ విశ్వవిద్యాలయాల ఫుట్‌సాల్ పోటీల్లో ఆ జట్టుది పెద్ద పేరు. విద్యార్థి సంఘం అంటే మనకు ధర్నా, బంద్ గుర్తొస్తాయి. అక్కడ వాటితోపాటు ప్రాక్టీసు టైమ్ టేబుల్ కూడా అని సర్దిచెప్పుకోవాలి.

పెద్దల జట్టు సంగతి చూస్తే, పోర్చుగల్ 2018లో యూరప్ చాంపియన్ అయింది. 2021లో లిథువేనియాలో జరిగిన ప్రపంచకప్ ఫైనల్లో అర్జెంటీనాను 2-1తో ఓడించింది. 2022లో మళ్లీ యూరప్ కప్పు. కోటి జనాభా ఉన్న దేశానికి ఇదంతా ఎలా సాధ్యమైంది? విశ్వవిద్యాలయాలవల్లే అంటే అది కోతలు కోయడం అవుతుంది. పెద్ద క్లబ్బులున్నాయి, లీగుంది, అన్నిటికీ మించి రికార్డిన్యో ఉన్నాడు. 1985లో పోర్టో పక్కనున్న గొందొమార్‌లో పుట్టిన ఈ కుర్రాణ్ని, 'మరీ పొట్టి' అని ఫుట్‌బాల్ క్లబ్బు చిన్నప్పుడే వెనక్కి పంపేసిందట. సరేనని ఫుట్‌సాల్‌కి వచ్చాడు. ప్రపంచ అత్యుత్తమ ఆటగాడిగా ఆరుసార్లు ఎంపికయ్యాడు. 2021లో దేశానికి ప్రపంచకప్ తెచ్చిన జట్టుకు కెప్టెన్ అతనే. పొట్టివాడు గట్టివాడని మన పెద్దలు ఊరికే అనలేదు.

అయితే రికార్డిన్యోలు తరానికొకరే పుడతారు. మిగతా పిల్లల మాటేమిటి? బాగా ఆడతారు, కానీ ఆటే బతుకుతెరువు అయ్యేంత కాదు. ఫుట్‌సాల్‌లో డబ్బు ఫుట్‌బాల్‌లో ఉన్నంత లేదు. బ్రెజిల్, స్పెయిన్, పోర్చుగల్ లాంటి కొన్ని దేశాల్లో తప్ప ఈ ఆటను నమ్ముకుని ఇల్లు గడపడం కష్టం. కాబట్టి డిగ్రీ కావాలి. డిగ్రీ కావాలంటే పరీక్ష రాయాలి. పరీక్షల రోజుల్లోనే పోటీలు వస్తాయి. మళ్లీ మొదటికే వచ్చాం.

పోర్చుగల్ ఈ ముడిని ఉపన్యాసంతో కాక చట్టంతో విప్పింది. ఉన్నత విద్యలో ఉన్న విద్యార్థి క్రీడాకారులకు ప్రత్యేక హోదా కల్పిస్తూ 2019లో దేశమంతటికీ వర్తించేలా ఒక శాసనం తెచ్చింది. అంతకుముందు ఒక్కో విశ్వవిద్యాలయం తన ఇష్టం వచ్చినట్టు చేసేది. ఒకచోట దయగల ప్రొఫెసరు, మరోచోట కఠినాత్ముడు. శాసనంతో అది దయ కాదు, హక్కు అయింది. పోటీకి వెళ్లిన రోజుల గైర్హాజరును తప్పుగా లెక్కపెట్టరు. తరగతుల వేళలు ఎంచుకోవడంలో ముందు అవకాశమిస్తారు. పరీక్ష, పోటీ ఒకే రోజు పడితే పరీక్షకు మరో తేదీ ఇస్తారు. ఉత్తినే మాత్రం కాదు. ఏటా చదువులోనూ కనీస ప్రగతి చూపించాలి. చూపకపోతే హోదా ఉండదు, బంతిని ఎంత ముద్దుగా తన్నినా సరే. 'ఆటగాడు కదా, మార్కులేసి పంపెయ్యండి' అనే బేరం కాదిది. మార్కులు తగ్గించమనడం లేదు, తేదీ మార్చమంటున్నారు. ఈ రెంటికీ ఉన్న తేడా చాలామంది పెద్దమనుషులకు అర్థం కాదు.

విశ్వవిద్యాలయాల పోటీలంటే అంతా అమాయకపు సరదా అనుకోవడానికీ లేదు. దీన్లో ఆడాలంటే విద్యార్థి అయి ఉండాలి, లేదా చదువు ముగించి ఏడాది మించకూడదు. నిబంధన బాగానే ఉంది. కానీ బలమైన దేశాల జట్లలో క్లబ్బులకు జీతానికి ఆడుతూ, పక్కన చదువుకుంటున్నవాళ్లు ఉంటారు. వాళ్ల ఎదురుగా నిలబడేది వారానికి మూడు సాయంత్రాలు ప్రాక్టీసు చేసి వచ్చిన నిఖార్సయిన విద్యార్థులు. ఇలాంటి మ్యాచ్‌ల్లో తేడా రెండంకెలకు చేరడమూ ఉంటుంది. అన్యాయమే. అయినా ఓడిన కుర్రాళ్లు గెలిచినవాళ్లతో చొక్కాలు మార్చుకుని ఫొటోలు దిగుతారు. రేపటి ప్రపంచకప్పు ఆటగాడి కాళ్ల మధ్యనుంచి ఒక్కసారి బంతి పోనిచ్చినా, జీవితాంతం చెప్పుకోవడానికి అదొక్కటి చాలదూ?

మన సంగతి

మన దేశంలో ఫుట్‌సాల్ పేరు గట్టిగా వినిపించింది 2016లో. ప్రీమియర్ ఫుట్‌సాల్ అని ఓ లీగు పెట్టి బ్రెజిల్ మాంత్రికుడు ఫల్కావోను, రొనాల్డీన్యోను, ఇంగ్లండ్ క్లబ్బుల్లో వెలిగిన ర్యాన్ గిగ్స్‌ను, పాల్ స్కోల్స్‌ను రప్పించారు. మరుసటి ఏడాది తెలుగు టైగర్స్ పేరుతో మనకూ ఓ జట్టు వచ్చింది. తారలొచ్చారు, దీపాలు వెలిగాయి, లీగు రెండేళ్లకే ఆరిపోయింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2021లో ఢిల్లీలో మొదటిసారి క్లబ్బుల ఫుట్‌సాల్ పోటీలు పెట్టింది. పురుషుల జాతీయ జట్టు అంతర్జాతీయ పోటీల్లో అడుగుపెట్టింది 2023లో. ఉరుగ్వే పిల్లలు మొదలుపెట్టిన తొంభై మూడేళ్లకు!

అలాగని మన పిల్లలు ఆడటం లేదా అంటే, రాత్రి పదింటికి హైదరాబాద్‌లో ఏ వైపు వెళ్లినా తెలుస్తుంది. వల కట్టిన పచ్చటి ప్లాస్టిక్ గడ్డి, తెల్లటి దీపాలు, లోపల అయిదుగురికి అయిదుగురు. గంటకింత అని అద్దె, తలా ఇంత అని ఫోన్లో పంపకం. విజయవాడ, విశాఖల్లోనూ ఈ టర్ఫ్‌లు వచ్చేశాయి. చూడముచ్చటగా ఉంటుంది కానీ అది ఫుట్‌సాల్ కాదు. బంతి మామూలుదే, ఎగురుతుంది. వలకు కొట్టి వెనక్కి రప్పించుకోవచ్చు. నాలుగు సెకన్లు లెక్కపెట్టేవాడు లేడు, ఆరో తప్పుకు శిక్షా లేదు. పైగా అది డబ్బిచ్చి గంటసేపు కొనుక్కునే ఆట. కాలేజీ పేరు మీద ఆడేది కాదు.

హైదరాబాద్‌కు ఈ మాట కొత్తగా చెప్పాల్సిన పనిలేదు నిజానికి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టును నాలుగో స్థానంలో నిలిపి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియాలో చదువుకున్నవారే. వృత్తి రీత్యా బడి పంతులు. బంతిని కాళ్ల దగ్గర అట్టిపెట్టుకోకుండా వెంటనే పక్కవాడికి ఇవ్వాలన్న షరతుతో కొన్ని పోటీలు, బలహీనమైన కాలితోనే తన్నాలన్న షరతుతో మరికొన్ని పెట్టేవారని పాత హైదరాబాద్ ఫుట్‌బాల్ అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్కడ మాంటెవిడియోలో సెరియాని మాస్టారు, ఇక్కడ రహీం సాబ్. ఇద్దరూ పిల్లల ఎదుట ఓ ఇబ్బంది పెట్టి, వాళ్ల కాళ్లకు తెలివి నేర్పినవాళ్లే. ఒకరి పద్ధతి ప్రపంచ పోటీలయింది, మరొకరిది జ్ఞాపకంగా మిగిలింది.

మన క్యాంపస్‌లలో హాళ్లు లేవనడానికి వీల్లేదు. ఫుట్‌సాల్ కోర్టు కొలత, గోల్‌పోస్టు కొలత అచ్చం హ్యాండ్‌బాల్‌వే. అంటే హ్యాండ్‌బాల్ ఆడించే ఇండోర్ హాలున్న ఏ విశ్వవిద్యాలయమైనా కొత్తగా గోడ కట్టక్కర్లేదు, గీత గీయడానికీ పెద్ద పనుండదు. కొనాల్సింది ఆ ఎగరని బంతి ఒక్కటే. ఆటలకు వెళ్లిన రోజులకు హాజరు వేసే పద్ధతి మన దగ్గరా చాలాచోట్ల ఉంది. 75 శాతం దగ్గర ఊగిసలాడే పిల్లలకు అదే పదివేలు. సెమిస్టర్ పరీక్ష దగ్గరికొచ్చేసరికే కథ అడ్డం తిరుగుతుంది. తప్పిపోయిన పేపరు సప్లిమెంటరీలో రాసుకోమంటారు. ఆ మాట మార్కుల మెమోలో ఎక్కితే, రేపు ఉద్యోగం ఇచ్చేవాడు అది ఆటకెళ్లి వదిలిన పేపరా, చదవక వదిలిన పేపరా అని అడగడు. ఇది తెలిసిన పిల్లలు రెండో ఏడాదికే బూట్లు తమ్ముడికిచ్చేస్తారు.

దీనికోసం క్రీడా విభాగం చుట్టూ తిరిగి ప్రయోజనం లేదు. వాళ్లు బంతి ఇవ్వగలరు, చొక్కాలు కుట్టించగలరు, బస్సు పెట్టించగలరు. తేదీ మార్చే సంతకం పరీక్షల విభాగంలో ఉంటుంది.